ఎదుర్లంక దగ్గర దివ్యాంగులకి సెయిలింగ్ సంఘం పెడదామనుకుంటున్నాం, నడపడం ఎలా?

ఎదుర్లంక_బుల్లోడు

అందరికీ నమస్కారమండి. మాది ఐ.పోలవరం మండలం, గౌతమి గట్టు మీదే ఊరు, ఇటు ఎదుర్లంక అటు యానాం. మా బావ కొబ్బరి దింపుకి ఎక్కి చెట్టు మీంచి పడిపోయాడు, వెన్నుపూస దెబ్బతింది, నడుం కింద నుంచి స్పర్శ లేదు. కోనసీమలో ఇలాంటోళ్ళు ఊరికొకరైనా ఉంటారు, మీకు తెలిసిందే. మా బావతో పాటు పోలియో వచ్చినోళ్ళు, చూపు లేని ఒక మాస్టారు, చెవుడున్న కుర్రాడు, అందరం ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. మా బంధువు ఒకాయన బయటి దేశంలో ఉంటాడు, అక్కడ దివ్యాంగులు తెరచాప బోట్లు వాళ్ళంతట వాళ్ళే నడుపుతారంట, రెండు పాత బోట్లు పంపే ఏర్పాటు చేస్తానంటున్నాడు. వీడియో చూసిన కాణ్ణించి మా బావకి నిద్ర లేదు.

ఇప్పుడు నా డౌట్లు. సంఘం రిజిస్టర్ చెయ్యాలా, చేస్తే ఎక్కడ. మా రేవులో మెట్లు, కింద బురద, వీల్‌చైర్ దిగదు, మనిషిని బోటులోకి ఎక్కించేదెలా. పోటు పాటు (సముద్రపు ఆటుపోట్లు) ఉన్న ఏరు కదా ఏ టైములో దిగాలి. కాలేజీ కుర్రాళ్ళు సాయానికి వస్తామంటున్నారు గానీ వాళ్ళు రీల్స్ తీసుకుని పోతారేమోనని అనుమానం. అన్నిటికన్నా పెద్దది, 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన కాణ్ణించి మా అత్తగారు గోదారి పేరెత్తితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు, ఆవిడకి ఏం చెప్పి ఒప్పించాలి. తెలిసినోళ్ళు చెప్పండి, ఎంత పెద్ద మెసేజయినా పర్లేదు.

చేపలపులుసు

బ్రదర్ తప్పుగా అనుకోకు. మా ఊళ్ళో బ్యాంకుకి ర్యాంపు లేదు, బస్సు ఎక్కాలంటే ఇద్దరు మోసుకెళ్ళాలి. అవన్నీ వదిలేసి ముందు పడవ ఎక్కిస్తానంటావేంటి? పెద్ద దేశాల వాళ్ళ సరదాలు మనకెందుకు. ఆ డబ్బుతో నాలుగు వీల్‌చైర్లు కొనిస్తే పుణ్యం.

అమలాపురం_టు_సిడ్నీ

బుల్లోడు గారూ, మాది అమలాపురమే, ఇక్కడ సిడ్నీ దగ్గర ఒక క్లబ్బులో శనివారాలు వాలంటీరుగా వెళ్తుంటాను. దివ్యాంగులు తెరచాప బోట్లు నడిపే ఈ కార్యక్రమాన్ని సెయిలబిలిటీ అంటారు, ఆస్ట్రేలియాలో 1991 నుంచి నడుస్తోంది. మీ బంధువు చెప్పిన బోటు చాలావరకు హాన్సా 303 అయ్యుంటుంది, ఒకసారి కనుక్కోండి. ఎందుకంటే బోటు ఏదో తెలిస్తేగానీ మిగతా ప్రశ్నలకి జవాబు లేదు.

303 అంటే 3.03 మీటర్ల పొడవు. ఇద్దరు పక్కపక్కన, ముందుకి చూస్తూ కుర్చీలో కూర్చున్నట్టు బాగా కిందకి కూర్చుంటారు. మామూలు సెయిల్ బోటులో గాలిని బట్టి ఆ పక్కకీ ఈ పక్కకీ మనిషి గెంతాలి, ఇందులో ఆ పని లేదు. మధ్యలో జాయ్‌స్టిక్ ఉంటుంది, దాన్ని ఎటు నెడితే చుక్కాని అటు తిప్పుతుంది. కింద సెంటర్‌బోర్డులో (నీళ్ళలోకి దిగే పలక) సుమారు 30 కేజీల బరువు ఉంటుంది కాబట్టి గాలి కొడితే పక్కకి వాలుతుంది గానీ అంత తేలిగ్గా బోల్తా పడదు. గాలి పెరిగితే తెరచాపని స్తంభానికే చుట్టేసి చిన్నది చేసుకోవచ్చు, కూర్చున్న చోటు నుంచే. చేతులు కూడా సరిగ్గా పనిచెయ్యని వాళ్ళకి బ్యాటరీ మోటారు పెట్టి చిన్న స్విచ్‌తో నడిపే ఏర్పాటు కూడా ఉంది.

ఒక్క మాట గట్టిగా చెప్తాను, కాకినాడ వైపు ఫైబర్ బోట్లు చేసేవాళ్ళు ఉన్నారు కదా అని ఎవరో ఒకరు మీకు సలహా ఇస్తారు, "చేపల తెప్పకి తెరచాప తగిలించేద్దాం, చవగ్గా అయిపోద్ది" అని. వద్దు. కింద బరువు లేని బోటులో కాళ్ళు పనిచెయ్యని మనిషిని కూర్చోబెట్టి తెరచాప ఎత్తడం అంటే ప్రాణంతో చెలగాటమే. అలాగే మనిషిని సీటుకి బెల్టుతో బిగించి కట్టకండి. నడుం నిలవని వాళ్ళకి పట్టీ కావాలంటే ఒక్క లాగుతో ఊడిపోయే వెల్క్రో పట్టీ మాత్రమే, అది కూడా ఒడ్డునే ఊడదీయించి చూశాక.

చేపలపులుసు గారికి, ఇక్కడ కూడా మొదట్లో ఇదే మాట అన్నవాళ్ళు ఉన్నారండి. నేను జవాబు చెప్పడం కన్నా దివ్యాంగులే ఎవరైనా చెప్తే బాగుంటుంది.

మూడుచక్రాలు

చెప్తాను. నాకు పోలియో, రెండు కాళ్ళూ లేవనే లెక్క, మూడుచక్రాల బండి మీదే తిరుగుతాను. చేపలపులుసు అన్నా, బ్యాంకు ర్యాంపు కోసం అర్జీ పెట్టింది కూడా నేనే, అది వచ్చేదాకా ఇంకే కోరికా ఉండకూడదంటే ఎలా? వీల్‌చైర్లు పంచుతూనే ఉన్నారు, చాలా ఇళ్ళలో అవి మూలన పడి బట్టలు ఆరేసుకోడానికి పనికొస్తున్నాయి, ఎందుకో తెలుసా, ఎక్కి వెళ్ళడానికి చోటు లేక. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటలకి కూడా సెక్షన్ ఉంది, 30వది, ఆటల్లో పాల్గొనడం హక్కు అని రాశారు. దానం కాదు.

బుల్లోడు తమ్ముడూ, నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది, నేను అడుగుతాను. ఈ సంఘానికి ప్రెసిడెంట్ ఎవరు? మీ బావా, లేక ఊళ్ళో పెద్దమనిషా? నేను చూసిన ప్రతి వికలాంగుల కార్యక్రమం ఒకలాగే ఉంటుంది. డిసెంబర్ 3న, దివ్యాంగుల దినోత్సవానికి, టెంట్ వేస్తారు, మమ్మల్ని ఎండలో పొద్దున్నుంచి కూర్చోబెడతారు, పెద్దాయన మధ్యాహ్నం వస్తాడు, శాలువాలు, ఫోటోలు, పులిహోర పొట్లం, మళ్ళీ ఏడాదికి. మీ సంఘం కూడా అలా అయ్యిందంటే బోటులో ఒకసారి తిప్పి దించేస్తారు, మా వాడు సరుకులాగా ఎక్కి సరుకులాగా దిగుతాడు. చుక్కాని ఎవరి చేతిలో ఉంటుందో అదే సంగతి. మొదటి రోజు నుంచి జాయ్‌స్టిక్ దివ్యాంగుడి చేతిలో పెట్టండి, పక్కన కూర్చున్నోడు అడిగితేనే చెయ్యి వెయ్యాలి. కమిటీలో సగం కన్నా ఎక్కువ మంది మనోళ్ళే ఉండాలని బైలాలోనే (సంఘం నిబంధనల్లో) రాయండి. మీటింగు పెట్టే చోటు కూడా మేడ మీద కాకుండా చూడండి, నవ్వకండి, వికలాంగుల మీటింగు మొదటి అంతస్తులో పెట్టినోళ్ళని చూశా.

ఇంకోటి, అసలు ఖర్చు బోటుది కాదు, ఆటోది. పింఛను 6 వేలు వస్తుంది, మంచంలో ఉన్నోళ్ళకి 15 వేలు, అందులో మందులు, ఇల్లు. లంక నుంచి రేవుకి ఆటోకి రానూ పోనూ ప్రతి వారం పెట్టుకోమంటే రెండో వారం ఎవ్వరూ రారు. విరాళం ఎవరైనా ఇస్తానంటే టీషర్టులు, బ్యానర్లు కాదు, ఒక ఏడాది ఆటో కిరాయి ఇమ్మనండి. ఒకే ఆటో అబ్బాయిని నెలకి మాట్లాడుకుంటే వాడికే ఎవర్ని ఎలా దించాలో అలవాటయిపోద్ది, వాలంటీరు కన్నా వాడే నయం.

సరంగుగారబ్బాయి

ఆయ్, ఏటి సంగతి నేను చెప్తానండి. మా నాన్న లాంచీ సరంగు, నేను పంటు మీద పనిచేశాను, తాళ్ళరేవు అవతల మా తాతలు తెరచాప ఓడలు కట్టే చోట పనిచేసినోళ్ళు. కాబట్టి పెద్ద దేశాల సరదా అన్నోళ్ళకి చెప్పండి, తెరచాప మన కోరంగోళ్ళకి కొత్త కాదని. ఇంజన్లు వచ్చాక మనమే చుట్టి అటకెక్కించేశాం.

ముందు కాలం చూసుకోవాలండి. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీళ్ళు, దిగే మాటే వద్దు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని టీవీలో చెప్తారు కదా, మీ సంఘం మొదటి హెచ్చరిక దాకా ఆగకూడదు, బ్యారేజీ గేట్లెత్తి నీళ్ళు సముద్రంలోకి గట్టిగా వదులుతున్నారంటే చాలు, బోట్లు గట్టెక్కించి తిరగేసి కట్టెయ్యండి. దుంగలూ, గుర్రపుడెక్కా, చచ్చిన గొడ్లూ అన్నీ కొట్టుకొస్తాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు, వాతావరణం చూసుకుని మధ్యమధ్యలో దొరికిన రోజు దొరికినట్టు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి నేర్చుకునేవాళ్ళకి మంచిది, పొద్దున్న మంచు విడిచాక పల్చటి గాలి ఉంటుంది. మార్చి నుంచి మే, మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి లేస్తుంది, అది అసలైన తెరచాప గాలి, కానీ ఏప్రిల్, మేలో సాయంత్రం పూట ఉన్నట్టుండి ఈదురుగాలి, పిడుగులు. పడమట నల్లగా కమ్మితే చాలు, బాగుందిలే ఇంకో రౌండ్ అనకుండా ఒడ్డుకొచ్చెయ్యాలి. ఫోనులో దామిని యాప్ పెట్టుకోండి, పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది.

ఇప్పుడు పోటు సంగతి. మీరు ఆదివారం ఉదయం పది గంటలకి అని ఫిక్స్ చేసేసుకుంటారు, పోటు మీ టైముకి రాదు, రోజుకి ముప్పావుగంట పైనే వెనక్కి జరుగుతూ ఉంటుంది. అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దది, నీళ్ళు లాక్కెళ్ళిపోతాయి. అష్టమి దగ్గర, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు నీటి కదలిక తక్కువ. అష్టమి నవమి ఏ పనికీ పనికిరావంటారు గానీ కొత్తగా నేర్చుకునే పడవకి అవే మంచి తిథులు. లెక్కేసి చూస్తే ఒక ఆదివారం అష్టమి పక్కన పడితే తర్వాతి ఆదివారం పున్నం పక్కనో అమావాస్య పక్కనో పడుతుంది. అందుకని ఒక వారం నీళ్ళలో, ఒక వారం గట్టు మీద పెట్టుకోండి. గట్టు మీద వారం తాడు ముడులు, బోటు కడగడం, ఎక్కించడం దించడం ప్రాక్టీసు, లెక్కలు. క్యాలెండరు గోడకి ఉంటే చాలు, యాప్ అక్కర్లేదు. దిగే టైము మాత్రం పోటు నిండి నిలబడే వేళకి కాస్త ముందు పెట్టుకుంటే తిరిగొచ్చేటప్పటికి రేవులో నీళ్ళుంటాయి, లేకపోతే బురదలో మోకాలు లోతు మోతలే. ఆ 303కి కింద బరువుబోర్డు మీటరు దాకా దిగుతుందేమో, ఇసక మేటలు ఎక్కడున్నాయో వేట చేసే వాళ్ళతో ముందు గెడేసి చూయించుకోండి, వరదకీ వరదకీ మేట మారిపోద్ది.

ఎదుర్లంక వంతెన స్తంభాల దగ్గరికి ఎవ్వర్నీ వెళ్ళనియ్యొద్దు. గాలి ఆగిపోయి పాటు లాగుతుంటే తెరచాప బోటు ఏమీ చెయ్యలేదు, నీరు ఎటు తీస్తే అటు పోయి స్తంభానికి ఆనుకుంటుంది. పాటు వేళ వంతెనకి ఎగువ నుంచి దిగితే నీరు వంతెన మీదకే తోస్తుంది, పోటు వేళ దిగువ నుంచి దిగినా అంతే. కాబట్టి ఆ వేళకి నీరు మిమ్మల్ని వంతెన నుంచి దూరంగా తీసుకుపోయే పక్కన ఆడాలి, ఇంజన్ బోటు అటు చివర కాపలా ఉండాలి.

ఇంక రేవు. దీనికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది, పాత పంటు ఒకటి దొరికితే చూడండి. రెండు పడవలు కలిపి పైన బల్లలేసిన పంటు, కార్లూ బైకులూ ఎక్కినదే కదా, వీల్‌చైర్ ఎంత. దాన్ని రేవులో నాలుగు మూలలా కట్టేస్తే పోటుకి లేస్తుంది, పాటుకి దిగుతుంది, మీ బోటు ఎప్పుడూ దాని పక్కన ఒకే ఎత్తులో ఉంటుంది. గట్టు నుంచి పంటు మీదకి వెడల్పాటి చెక్కబల్ల, పక్కన చేతికర్రలు. మెట్ల బాధ ఉండదు. అడుగు పడవలు మాత్రం కారకుండా చూయించుకోవాలండోయ్.

కాకినాడ_ఫిజియో

పంటు ఐడియా అదిరింది. దాని మీద చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు, నేను వెన్నుపూస దెబ్బ పేషెంట్లతోనే ఎక్కువ పనిచేస్తాను కాబట్టి వాళ్ళ గురించే చెప్తాను.

మనిషిని చంకల కింద చేతులేసి, ఇంకొకడు కాళ్ళు పట్టుకుని ఎత్తడం అందరికీ తెలిసిన పద్ధతి, ఆపెయ్యండి. ఏళ్ళ తరబడి నడవని కాలి ఎముక పెళుసుగా ఉంటుంది, కొంచెం మెలిపడినా విరిగిపోవచ్చు, స్పర్శ లేదు కాబట్టి విరిగిందని కూడా తెలీదు, సాయంత్రానికి వాపు చూసి తెలుస్తుంది. పేషెంట్ హాయిస్ట్, స్లింగ్ అని దొరుకుతాయి, గుడ్డ ఊయల్లాంటిది, హైడ్రాలిక్ చెయ్యి ఎత్తుతుంది. చక్రాల హాయిస్ట్ అయితే పంటు ఊగినప్పుడు జారిపోకుండా అడుగుకి బిగించాలి. మెకానిక్ షెడ్డులో ఇంజన్లు ఎత్తే చైన్ బ్లాక్ తెచ్చి మనుషులకి వాడదామని మాత్రం అనొద్దు ప్లీజ్. ఏ హాయిస్ట్ అయినా ముందు ఇసక బస్తాలతో ఎత్తి చూడండి, తర్వాత మామూలుగా నడిచే వాలంటీరుని, ఆ తర్వాతే మీ బావని.

ఎండలో ఫైబర్ సీటు ఎంత కాలుతుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది, మీ బావకి తెలీదు, ఆయన చర్మం కాలిపోయినా నొప్పి రాదు. సీటు మీద తడిగుడ్డ, దాని పైన మందపాటి కుషన్. నీళ్ళలో ఉన్నా పావుగంటకి ఒకసారి చేతులతో నొక్కి పిరుదులు పైకి లేపాలి, అలా లేపలేని వాళ్ళు పక్కకి వాలాలి. దిగాక ఇంటికెళ్ళి అద్దంతో చూసుకోవాలి, ఎర్రటి మచ్చ అరగంటకి కూడా పోకపోతే మానేదాకా బోటు బంద్. పడక పుండు ఉన్నవాళ్ళని గోదారి నీళ్ళ దగ్గరికి అస్సలు తేవద్దు, ఎంత బతిమాలినా.

దెబ్బ పైన తగిలినవాళ్ళు, ఛాతీ మధ్య నుంచి పైన అన్నమాట, టి6 అంటాం మేము, వాళ్ళకి ఒక ప్రమాదం ఉంది. యూరిన్ పైపు మడతపడినా, బ్యాగు నిండినా బీపీ ఒక్కసారిగా పెరిగిపోద్ది. తల పగిలిపోయేంత నొప్పి, మొహం ఎర్రబడటం, పైభాగానికి మాత్రమే చెమటలు, ఇవి కనపడితే పడుకోబెట్టకూడదు, నిటారుగా కూర్చోబెట్టి పైపు, బ్యాగు చూసి, బిగుతుగా ఉన్నవి వదులు చేసి వెంటనే ఆస్పత్రికి. తగ్గకపోతే పక్షవాతం దాకా పోవచ్చు. దీని గురించి రెస్క్యూ బోటు నడిపే అబ్బాయికి తెలిసుండాలి, ఎందుకంటే ఏట్లో మొదట చేరేది అతనే. ఆ దెబ్బ కింద భాగానికి చెమట పట్టదు కాబట్టి ఒంటి వేడి కూడా త్వరగా పెరుగుతుంది, మే నెల మధ్యాహ్నాలు వాళ్ళకి కాదు.

లైఫ్‌జాకెట్ గురించి. కాళ్ళు చచ్చుబడిన వాళ్ళకి నీళ్ళలో కాళ్ళు పైకి తేలి మొహం కిందకి తిరిగే అవకాశం ఉంది. టూరిస్టు బోట్లలో ఇచ్చే నారింజ జాకెట్ అందరికీ ఒకేలా పనిచెయ్యదు. మెడ వెనక కాలర్ ఉన్నది, తొడల మధ్య నుంచి పట్టీ ఉన్నది తీసుకుని ఒక్కొక్కర్ని నడుం లోతు నీళ్ళలో ఇద్దరు పట్టుకుని వెల్లకిలా తేలుతున్నారో లేదో చూశాకే, ఎవరి జాకెట్ మీద వాళ్ళ పేరు రాయండి. ఫిట్స్ ఉన్నాయా అని ముందే అడగండి, మనోళ్ళు దాచేస్తారు.

ఎదుర్లంక_బుల్లోడు

అబ్బ, ఇంత సమాచారమా. మూడుచక్రాలు అన్నా, నిజమేనండి, నేను ప్రెసిడెంటుగా మా సర్పంచ్ గారి పేరు అనుకున్నాం, ఆయనైతే పనులవుతాయని. మా బావకి మీ మెసేజ్ చదివి వినిపిస్తే "నేనుంటే సంతకాలు పెట్టడానికి ఆఫీసులకి ఎవరు తీసుకెళ్తార్రా" అన్నాడు గానీ కాదనలేదు. పంటు గురించి మురమళ్ళ వైపు అడుగుతాను. ఇప్పుడు కాగితాల సంగతి ఎవరైనా చెప్తారా? మా కుర్రాళ్ళు పారాలింపిక్స్ కోచింగ్ అని బోర్డు పెడితే ఫండ్స్ వస్తాయంటున్నారు, నిజమేనా?

ఆడిటర్_భీమవరం

పారాలింపిక్స్ బోర్డు పెట్టకండి, కంపెనీ వాళ్ళు అడిగితే నీళ్ళు నమలాల్సి వస్తుంది. సెయిలింగ్ 2000 సిడ్నీ నుంచి 2016 రియో వరకు పారాలింపిక్స్‌లో ఉంది, ఆ తర్వాత తీసేశారు, టోక్యోలో లేదు, పారిస్‌లోనూ లేదు. సీఎస్సార్ (కంపెనీలు సమాజ సేవకి ఇచ్చే డబ్బు) కోసం కంపెనీల చట్టం 7వ షెడ్యూల్లో గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడలు అని పద్దు ఉంది, దాని కింద అడగండి. దివ్యాంగులకి ఉపాధి నైపుణ్యాలు అనే పద్దు కూడా ఉంది, బోటు రిపేరు, ఫైబర్ పని నేర్పిస్తే అందులోకి వస్తుంది.

సంఘం అంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద, కనీసం ఏడుగురు సభ్యులు, మెమోరాండం, బైలా. ఏటా జనరల్ బాడీ పెట్టి సభ్యుల లిస్టు దాఖలు చెయ్యాలి, చాలామంది ఇదే మర్చిపోతారు. తర్వాత ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 12ఏ (సంఘానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చేవాళ్ళకి పన్ను తగ్గింపు) అని పిలిచే రిజిస్ట్రేషన్లు, ఆ రెండూ ఉంటేనే కంపెనీల డబ్బు తీసుకోడానికి కంపెనీల వ్యవహారాల శాఖలో పెట్టే సీఎస్సార్ ఫారం 1 పని అవుతుంది. మీ బంధువు బోట్లు పంపినా, డబ్బులు పంపినా జాగ్రత్త, విదేశీ విరాళాలకి, వస్తువులైనా సరే, ఎఫ్‌సీఆర్ఏ అనే చట్టం ఉంది. ఆయన ఏ దేశం పౌరుడో, ఆయన సొంత డబ్బా లేక అక్కడి క్లబ్బు డబ్బా అన్నదాన్ని బట్టి మారుతుంది, ఒక్క రూపాయి కూడా అకౌంటులో పడకముందే సీఏని కలవండి. బోట్ల మీద కస్టమ్స్ ఎంత పడుద్దో కూడా కంటైనర్ ఎక్కకముందే తెలుసుకోవాలి, ఉచితంగా వచ్చిన బోటు పోర్టులో ఇరుక్కుంటే రోజువారీ అద్దె మీదే.

ఆఫీసు ఈ గట్టునే పెట్టండి. యానాం పుదుచ్చేరి కింద ఉంటుంది, బోట్లు అటు కడితే కాగితాలన్నీ వేరే. ఏట్లో దిగడానికి కలెక్టరాఫీసుకి, జలవనరుల శాఖకి, లోకల్ స్టేషనుకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, నోటిమాట అనుమతి ఏదైనా జరిగిన రోజు ఉండదు. గ్రూపు యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు నీటి క్రీడలకి వర్తించదు అనే లైను ఉందేమో, వైకల్యం ముందే ఉన్నవాళ్ళని మినహాయించారేమో రెండూ చదవండి.

మూడుచక్రాలు

ఆడిటరు గారు చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, ఘాట్ల పనులు ఎలాగూ చేస్తారు. మీ రేవు ఆ లిస్టులో ఉందో లేదో ఇప్పుడే కనుక్కుని, ఉంటే 1:12 వాలుతో ర్యాంపు, అంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు, ప్లానులోనే పెట్టమని అర్జీ ఇవ్వండి. కాంక్రీటు పోశాక అడిగితే పక్కన ఇనప రేకు వేసి ర్యాంపు అంటారు, దాని మీద ఎక్కితే వెనక్కి దొర్లుకుంటూ రావడమే.

మీ అత్తగారి విషయం. ఆవిడకి చెప్పి ఒప్పించకు తమ్ముడూ, చూపించు. కచ్చులూరులో జరిగింది వరద గోదారిలో, నిండా జనం ఎక్కిన పెద్ద బోటు. మీది చలికాలం, ఇద్దరు కూర్చునే బోటు, పక్కనే ఇంజన్ బోటు. గట్టు మీద వారం ఉంటుంది కదా, ఆ రోజు ఆవిణ్ణి తీసుకొచ్చి జాకెట్ వేసి నడుం లోతులో మీ బావని తేల్చి చూపించండి. భయం పోదు, పోనక్కర్లేదు, ఏ రోజు వద్దనాలో ఆవిడకీ తెలుస్తుంది.

చేపలపులుసు

సరే సరే, నా మాట వెనక్కి తీసుకోను గానీ ఆటో కిరాయికి ఒక నెల నాది రాసుకో. రెస్క్యూ బోటు ఎవరు నడుపుతారు? కాలేజీ కుర్రాళ్ళా?

సరంగుగారబ్బాయి

కుర్రాళ్ళు కాదండి, వేట చేసేవాళ్ళలో ఒకరికి రోజు కూలి ఇచ్చి పెట్టుకోండి. ఉచితం అంటే ఆ రోజు చేపలు పడుతున్నాయంటే రాడు, వాడి తప్పూ కాదు. ఇంజన్‌కి కిల్ స్విచ్ తాడు (లాగితే ఇంజన్ ఆగిపోయేది) నడిపేవాడి చేతికి ఉండాలి, నీళ్ళలో మనిషిని తీసుకునేటప్పుడు ఇంజన్ ఆపెయ్యాలి, న్యూట్రల్ కాదు, ఆపెయ్యాలి. కాలు స్పర్శ లేనోడికి ఫ్యాను తగిలినా తెలీదు కదా. నీటి మీద కెరటాల తలలు వరసగా తెల్లగా విరుగుతున్నాయంటే ఆ రోజు కొత్తోళ్ళకి సెలవు.

అమలాపురం_టు_సిడ్నీ

దానికి ఒక చిన్న గాలి మీటరు కొనండి, 10 నాట్లు దాటితే, అంటే గంటకి 18 కిలోమీటర్ల పైన, నేర్చుకునేవాళ్ళు దిగరు అని రాసి గోడకి అంటించండి. ఆ రోజు ఎవరు బతిమాలినా, పేపరోళ్ళు వచ్చి నిలబడినా సరే. ఆపే అధికారం ఒక్కరికే ఉండాలి, ఆ రోజు డ్యూటీ ఆఫీసరు అని పేరు పెట్టుకోండి, ప్రెసిడెంటు కూడా ఆ మాట కాదనకూడదు.

కాలేజీ కుర్రాళ్ళని వదులుకోకండి కూడా. రీల్స్ తియ్యనివ్వండి, కానీ ముందు ఒక రోజంతా వాళ్ళని స్లింగులో ఎత్తి, కళ్ళకి గంతలు కట్టి బోటులో కూర్చోబెట్టండి. ఆ తర్వాత కూడా వచ్చేవాళ్ళే మీ వాలంటీర్లు, మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే జారుకుంటారు.

మాస్టారి గురించి, చెవుడున్న కుర్రాడి గురించి ఎవ్వరూ చెప్పలేదు. చూపు లేని వాళ్ళు మీరు అనుకున్న దానికన్నా బాగా నడుపుతారు, గాలి బుగ్గ మీద ఏ పక్క తగులుతోందో, తెరచాప రెపరెపలాడుతోందో నిండిందో చెవితోనే పట్టేస్తారు. పక్కన కూర్చున్నవాళ్ళు "అటు, ఇటు" అనకూడదు, గడియారం ముల్లు లెక్కన చెప్పాలి, పంటు రెండు గంటల వైపు, ఇంజన్ బోటు పది గంటల వైపు అని. బోటు ఎక్కకముందు ఒడ్డున బోటంతా చేత్తో తడిమి చూడనివ్వండి, తాడు తాడూ వేరేగా తెలిసేలా ఒకదానికి ముడి, ఒకదానికి గుడ్డ కట్టండి. కుర్రాడికి ఈల ఊదితే వినపడదు కాబట్టి గట్టు మీద జెండాలు, ఎర్రది ఎత్తితే వెనక్కి రావాలి. జెండా అందరికీ ఒకటే పెట్టండి, ఆ కుర్రాడి కోసం వేరే నియమం అని కాకుండా.

ఎదుర్లంక_బుల్లోడు

సార్, ఆ కుర్రాడు ఇప్పటికే వాళ్ళ నాన్నతో వేటకెళ్తాడండి, ఇంజన్ బోటు బాగా నడుపుతాడు. అతన్ని రెస్క్యూ బోటు మీద రెండో మనిషిగా పెట్టొచ్చా, వినపడదు కదా అని ఆగుతున్నాం.

సరంగుగారబ్బాయి

పెట్టండి. ఇంజన్ మోతలో మాకు మాత్రం ఏం వినపడుద్దండి, ఏట్లో అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. ఈ సంక్రాంతికి ఊళ్ళోనే ఉంటాను, పంటు దొరికితే ఫోటో పెట్టండి, అడుగు చూసి చెప్తాను.